తమ్ముడు అని పిలవడం మొదలుపెట్టాను, ఇక ఏం చదవాలి?

కిటికీ_దగ్గర:
సూటిగా చెప్పేస్తాను. మా చెల్లి (ఈ మాట తప్పని తెలుసు, మొదటి వాక్యం మీకు అర్థం కావాలని రాశా, ఇక రాయను) పోయిన నెల ఒక రాత్రి నా గదిలోకి వచ్చి, తలుపేసి, తను అమ్మాయి కాదని, ఊహ తెలిసినప్పటి నుంచీ కాదని చెప్పాడు. వయసు 19. నేను అరవలేదు, ఏడవలేదు. "సరే, పడుకో, రేపు మాట్లాడదాం" అన్నాను. ఆ రేపు రావడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకంటే ఆ మూడు రోజులూ ఫోన్ పట్టుకుని చదువుతూనే ఉన్నా.

చదివితే తేలిందేంటంటే, కొన్ని చోట్ల వెంటనే ఏదో ఒకటి చేయకపోతే వాడు బతకడన్నట్టు భయపెట్టారు, కొన్ని చోట్ల ఇదంతా ఫోన్లు చూసి పట్టుకున్న పిచ్చి అన్నారు, మిగతావన్నీ మందుల పేర్లు. ఒక్క వాక్యం అర్థం కావాలంటే ఇంకో మూడు పేజీలు తెరవాలి. నేను అడిగేది అంత పెద్దదేం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవర్ని నమ్మాలి, ఇవాళ్టి నుంచి నేను ఏం మార్చుకోవాలి. అమ్మానాన్నలకి తెలియదు, చెప్పొద్దన్నాడు. "వాడు" అని రాస్తుంటే వేళ్లు ఇంకా ఆగుతున్నాయి, అయినా రాస్తున్నా.

నిదానం:
అక్కా, "సరే, పడుకో" అంత చెడ్డ జవాబేం కాదు. నాకు దొరికింది రెండు చెంపదెబ్బలు, తర్వాత ఆరేళ్లు మాటల్లేవు. నేను ట్రాన్స్ మగాణ్ణి, అంటే పుట్టినప్పుడు అమ్మాయి అని రాశారు. 34 ఏళ్లు, టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోన్ మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది.

చదవడం తర్వాత సంగతి. ముందు వాణ్ణి మూడు విషయాలు అడుగు. ఏ పేరుతో పిలవాలి, ఎక్కడెక్కడ పిలవాలి, ఎక్కడ పిలవకూడదు. మూడోది అందరూ మర్చిపోతారు. నువ్వు ఉత్సాహంలో అమ్మ ముందు "తమ్ముడూ" అన్నావనుకో, వాడి బదులు నువ్వే ఇంట్లో చెప్పేసినట్టు. ఒకరి సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని అవుటింగ్ అంటారు. దీనివల్ల ఇల్లు, చదువు, ఒక్కోసారి ఒంటిమీద దెబ్బల దాకా వెళ్లిన వాళ్లు నాకు తెలుసు. ఫోన్‌లో వాడి నంబర్ ఏ పేరుతో సేవ్ చేసుకోవాలో కూడా అడుగు. నవ్వకు, నా స్నేహితుడొకడు అలాగే దొరికిపోయాడు.

పేరుకి అంత విలువ ఏముంది అంటావేమో. 2018లో అమెరికాలో 129 మంది ట్రాన్స్, నాన్‌బైనరీ యువతతో చేసిన ఒక పరిశోధన ఉంది. ఇల్లు, బడి, పని, స్నేహితులు, ఈ నాలుగు చోట్లలో తాము ఎంచుకున్న పేరు ఎన్ని చోట్ల వాడగలిగితే డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు అంత తక్కువ కనిపించాయి. చిన్న పరిశోధనే, పేరు వల్లే తగ్గాయని తేల్చేసింది కాదు. కానీ పైసా ఖర్చు లేదు, డాక్టర్ అక్కర్లేదు, నచ్చకపోతే రేపు వెనక్కి తీసుకోవచ్చు. ఇంకేం కావాలి?

కిటికీ_దగ్గర:
ఫోన్ సంగతి అసలు తట్టలేదు. ఇప్పుడే మార్చా, ఒక పువ్వు బొమ్మ పెట్టా. ఇంకో సందేహం, ట్రాన్స్‌జెండర్, నాన్‌బైనరీ, జెండర్ డైవర్స్, ఇవన్నీ ఒకటేనా? వాణ్ణి అడగాలంటే మొహమాటంగా ఉంది, పరీక్ష పెట్టినట్టు ఉంటుందని.

మూడోచుక్క:
ఇది నేను తీసుకుంటా. నేను నాన్‌బైనరీ.

పుట్టగానే ఒంటిని చూసి డాక్టరు కాగితం మీద రాసేది ఒకటి. మనం లోపల ఎవరమని మనకి తెలుసో అది లింగ గుర్తింపు. ఈ రెండూ కలవని వాళ్లందరికీ కలిపి ట్రాన్స్‌జెండర్ అనే మాట వాడతారు, ఒక గొడుగు అనుకోండి. మగా కాదు ఆడా కాదు అనుకునేవాళ్లు, ఒక్కో కాలంలో ఒక్కోలా అనిపించేవాళ్లు నాన్‌బైనరీ. వీళ్లలో కొందరు తమను ట్రాన్స్ అనుకుంటారు, కొందరు అనుకోరు, అందుకే ఇంకాస్త వెడల్పుగా జెండర్ డైవర్స్ అని కూడా అంటారు. ఎవరి మీద మనసు పడుతుంది అనేది పూర్తిగా వేరే ప్రశ్న, మీ తమ్ముడికి అమ్మాయిలు నచ్చొచ్చు, అబ్బాయిలు నచ్చొచ్చు, ఎవరూ నచ్చకపోవచ్చు. ఇంటర్‌సెక్స్ ఇంకా వేరు, అది పుట్టుకతో వచ్చే శరీర లక్షణాలకు సంబంధించింది. జనం ఎక్కువగా కలిపేసేది ఇక్కడే.

ఇక తెలుగు సంగతి. మన భాష ఒక సాయం చేసి ఒక చిక్కు పెట్టింది. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అన్నప్పుడు ఆడామగా తేడా లేదు. అంటే ఎదురుగా మాట్లాడినంతసేపు మీకు ఏ ఇబ్బందీ రాదు. చిక్కంతా ఆ మనిషి పక్కన లేనప్పుడే. "తను" అనే మాట ఇద్దరికీ సరిపోతుంది కదా అని మురిసిపోతాం, వెంటనే వెనక వచ్చే క్రియ పట్టిస్తుంది, తను వచ్చాడా, వచ్చిందా? నా మటుకు నాకు "వచ్చింది" అంటే బస్సుతో కలిపి లెక్కేసినట్టు ఉంటుంది, "వచ్చాడు" అంటే వెనక్కి తిరిగి ఇంకెవర్నో చూడబుద్ధేస్తుంది. అందుకే "వచ్చారు" అనమంటా. మా స్నేహితులు "ఏంటి, ఉన్నట్టుండి ఇంత మర్యాద" అని ఏడిపిస్తారు. ఏడిపించినా అంటారు, నాకు అది చాలు. అక్కా చెల్లీ అన్నా తమ్ముడూ ఏదీ అతకకపోతే "తోబుట్టువు" అనే చక్కటి మాట ఉంది, ఎందుకు వాడమో నాకు తెలీదు.

మొహమాటపడకుండా అడగండి. "నువ్వు నీ గురించి చెప్పుకునేటప్పుడు ఏ మాట వాడతావు?" అంటే పరీక్షలా ఉండదు.

సందేహాల_పుట్ట:
తిట్టకండి, నిజంగా తెలీక అడుగుతున్నా. ఈ మాటలేవీ మా చిన్నప్పుడు లేవు. ఇప్పుడే ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారు? 19 ఏళ్ల పిల్లకి (పిల్లాడికి, సరే) తన గురించి అంత గట్టిగా ఎలా తెలుస్తుంది? నెట్‌లో చూసి అనుకుంటున్నాడేమో అని ఆ అక్కకి చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా.

రేయింబవళ్ళు:
ఉన్నారు లెండి, నా జీవితంలో ఆ మాట చెప్పేవాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు :)

కోపంతో కాదు, విషయం చెప్తా. బెర్లిన్‌లో 1919లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టర్ ఒక పరిశోధనా సంస్థ పెట్టాడు. ఇవాళ మనం ట్రాన్స్ అంటున్నవాళ్లు వైద్యం కోసం, సలహా కోసం అక్కడికి వెళ్లేవారు, కొందరు అక్కడే పనిచేసేవారు కూడా. పెద్ద గ్రంథాలయం ఉండేది. 1933 మే 6న నాజీ విద్యార్థులు దాన్ని దోచుకున్నారు, నాలుగు రోజుల తర్వాత ఆ పుస్తకాలు నడివీధిలో తగలబెట్టారు. పుస్తకాల దహనం అనగానే అందరూ చూసే ఆ పాత ఫొటోల్లో కాలుతున్నవాటిలో మా గురించి రాసినవీ ఉన్నాయి, ఆ సంగతి ఎక్కువమందికి తెలీదు. 1952లో అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన ట్రాన్స్ మహిళ క్రిస్టీన్ జోర్గెన్‌సన్ లింగ మార్పిడి సర్జరీ వార్త పత్రికల మొదటి పేజీలో పడింది. అప్పటికి ఇంటర్నెట్ ఊసే లేదు.

నాకు పదేళ్లప్పుడు తెలుసు నేను అబ్బాయిని కాదని. దానికి పేరు ఉందని 26వ ఏట తెలిసింది. ఆ పదహారేళ్లూ నేను ఒక్కదాన్నే ఇలా పుట్టాననుకున్నా. నెట్ నన్ను మార్చలేదండీ, నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని చెప్పింది అంతే.

సందేహాల_పుట్ట:
ఆ బెర్లిన్ సంగతి తెలీదు. సరే. కానీ వైద్యులు దీన్ని జబ్బంటారా కాదంటారా? ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకోటి.

తెల్లకోటు:
హార్మోన్ల విభాగంలో పనిచేస్తాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక పట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఇది ఇంతకుముందు మానసిక రుగ్మతల అధ్యాయంలో ఉండేది. 11వ కూర్పులో దాన్ని అక్కణ్ణుంచి తీసేసి "జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్" (పుట్టినప్పుడు రాసినదీ లోపలి గుర్తింపూ కలవకపోవడం) అనే పేరుతో లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలోకి మార్చారు. 2019 మేలో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పట్టికలోంచి పూర్తిగా ఎందుకు తీసేయలేదు అని అడుగుతారు. తీసేస్తే వైద్యం అవసరమైనవాళ్లకి కోడ్ ఉండదు, కోడ్ లేకపోతే చాలాచోట్ల బీమా, ఆసుపత్రి వ్యవస్థ పట్టించుకోవు. అమెరికా మానసిక వైద్యుల సంఘం కూడా 2013లో "డిసార్డర్" అనే మాట తీసేసి "డిస్ఫోరియా" అని పెట్టింది, అంటే ఆ గుర్తింపు జబ్బు కాదు, దానివల్ల మనిషి పడే బాధకే మేం సాయం చేయాలి అని. డిస్ఫోరియా అసలు లేని ట్రాన్స్ వ్యక్తులూ ఉన్నారు.

చదవడానికి నేను నమ్మేవి మూడే. డబ్ల్యూపాత్ అనే, ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యం మీద పనిచేసే ప్రపంచస్థాయి వృత్తి సంఘం 1979 నుంచి వైద్య ప్రమాణాలు విడుదల చేస్తోంది, 8వ కూర్పు 2022లో వచ్చింది, ఉచితంగా చదవొచ్చు. చాలా లావు పుస్తకం, మొత్తం చదవక్కర్లేదు, మీకు కావాల్సిన అధ్యాయం చాలు, గొంతుకి ఒకటి, నాన్‌బైనరీ వాళ్లకి ఒకటి ఉన్నాయి. రెండోది హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు, అది మాలాంటి డాక్టర్ల కోసం, మీ దగ్గరి డాక్టరుకి తెలియకపోతే పేరు చెప్పండి, సిగ్గుపడక్కర్లేదు, మాలో చాలామందికి కాలేజీలో ఇది చెప్పనే లేదు. మూడోది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన ట్రాన్స్‌జెండర్ వైద్య మార్గదర్శకాలు, 2016 కూర్పు. మామూలు జనరల్ డాక్టర్ కూడా పట్టుకుని నడవగలిగేలా ఉంటుంది.

ఇక హార్మోన్లు. అక్క ప్రస్తుతం కంగారుపడాల్సిన విషయం కాదు, కానీ తమ్ముడు ఈపాటికే చదివేసి ఉంటాడు కాబట్టి. టెస్టోస్టెరోన్‌తో గొంతు బరువెక్కుతుంది, గడ్డం వస్తుంది, మందు ఆపినా గొంతు వెనక్కి రాదు. నెలసరి సాధారణంగా కొన్ని నెలల్లో ఆగుతుంది, అయినా అది గర్భనిరోధకం కాదు, ఇది పొరపాటుపడే చోటు. రక్తం చిక్కబడొచ్చు, అందుకే పరీక్షలు క్రమంగా చేయించాలి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌తో వచ్చిన రొమ్ముల ఎదుగుదల ఉండిపోతుంది, గొంతు మాత్రం మారదు, గడ్డమూ పోదు. ఏది మొదలుపెట్టే ముందైనా, పిల్లలు కావాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే అండాలు లేదా వీర్యం దాచుకోవడం గురించి మాట్లాడుకోవాలి.

నేను బతిమాలి చెప్పేది ఒకటుంది. గర్భనిరోధక మాత్రలు గుప్పెళ్లతో మింగి ఆడ హార్మోన్ అందుతుందనుకునేవాళ్లని చూశాను. వాటిలో ఎక్కువగా ఉండే ఇథినైల్ ఈస్ట్రాడియోల్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, ఈ పనికి దాన్ని వాడొద్దని మార్గదర్శకాలే చెప్తున్నాయి. పొగతాగే అలవాటుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే సొంతంగా ఏదైనా వాడుతుంటే డాక్టరుకి దాచకండి, తిట్టినా సరే చెప్పి కనీసం రక్తపరీక్ష చేయించుకోండి.

సందేహాల_పుట్ట:
మరి చిన్నపిల్లల విషయంలో కొన్ని దేశాలు వెనక్కి తగ్గాయి అంటున్నారే. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

తెల్లకోటు:
మాట్లాడదాం, దాచేదేముంది. యుక్తవయసు మార్పుల్ని ఆపి ఉంచే మందులు ఎంతోకాలంగా మరీ చిన్నవయసులోనే ఈడు వచ్చే పిల్లలకి వాడుతున్నవే. ట్రాన్స్ పిల్లల్లో వాటి ఆధారాలు ఎంత బలమైనవి అన్నదాని మీద వైద్యుల్లో నిజంగానే గట్టి వాదన నడుస్తోంది. ఇంగ్లండ్‌లో ట్రాన్స్ పిల్లల వైద్యం మీద 2024 ఏప్రిల్‌లో వచ్చిన క్యాస్ సమీక్ష ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది, దాని పద్ధతిని విమర్శించిన నిపుణులూ ఉన్నారు. దేశాన్ని బట్టి నియమాలు వేరు, అవి మారుతున్నాయి కూడా. కానీ ఇక్కడ మాట్లాడుతున్నది 19 ఏళ్ల మనిషి గురించి, ఆ వాదన ఇతనికి వర్తించదు. ఇంకా ఈడే రాని పిల్లల విషయానికొస్తే ఏ మార్గదర్శకమూ మందులు ఇమ్మనదు, వాళ్ల విషయంలో ఉండేది జుట్టు, బట్టలు, పేరు, అంతే.

సర్జరీ తర్వాత పశ్చాత్తాపం సంగతి కూడా మీరు అడగబోతున్నారని తెలుసు. పరిశోధనల్లో అది చాలా తక్కువగానే కనిపించింది, కాకపోతే కొన్నిట్లో ఏళ్ల తర్వాత మళ్లీ అందుబాటులోకి రాని రోగులు చాలామంది, కాబట్టి ఖచ్చితమైన అంకె చెప్పేవాళ్లని నేను కొంచెం అనుమానంగా చూస్తా. వెనక్కి మళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లకీ అంతే మర్యాదగా వైద్యం అందాలి.

సందేహాల_పుట్ట:
ఇలా చెప్తే వింటాను. థాంక్స్ డాక్టర్ గారూ.

పాతకాలం_నాన్న:
ఆలస్యంగా చూశాను. నాకు 58. నా కూతురు పుట్టినప్పుడు మేం కొడుకనుకున్నాం.

అమ్మా, మీ అమ్మానాన్నలకి ఒకరోజు తెలుస్తుంది, అందుకే నేను చేసిన తప్పులు రాస్తున్నా. తను చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?". నేను ప్రేమతోనే అడిగా, తనకి అది నేరం మోపినట్టు వినిపించింది. రెండో తప్పు, ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాను, ఆయన ఆరు సిటింగుల్లో "సరిచేస్తా" అన్నాడు. నేను డబ్బు కట్టాను కూడా. మార్చేస్తామని చెప్పే ఆ రకం చికిత్సని కన్వర్షన్ థెరపీ అంటారని, దానివల్ల మేలు జరిగినట్టు ఆధారం లేదని, హాని మాత్రం ఉందని, చాలా దేశాలు నిషేధించాయని నాకు తర్వాత తెలిసింది. మూడో సిటింగ్ తర్వాత తను పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పన్నెండో రోజు నేను మానిపించాను. ఇంకా ఆ పదకొండు రోజులు నాకు లెక్క ఉన్నాయి.

ఎవరైనా "మీ బిడ్డని మామూలుగా చేస్తాం" అంటే, వాళ్ల డిగ్రీ ఎంత పెద్దదైనా, లేచి వచ్చేయండి. మంచి కౌన్సెలర్ మీ బిడ్డ ఏమవ్వాలో ముందే నిర్ణయించుకుని కూర్చోడు, అవును అని తోయడు, కాదు అని లాగడు.

తల్లిదండ్రులకి వేరే చోటు కావాలి. నా బాధని, నా భయాన్ని నా కూతురి ముందే వెళ్లగక్కుతూ ఉండేవాణ్ణి, అది తన మీద ఇంకో బరువు. అమెరికాలో 1973లో ఒక తల్లి చొరవతో మొదలైన పీఫ్లాగ్ అనే తల్లిదండ్రుల సంస్థ ఉంది, 1998లో ట్రాన్స్ వ్యక్తుల్ని కూడా తమ లక్ష్యంలో చేర్చుకున్నారు. వాళ్లు రాసి పెట్టినవి ఎక్కడున్నవాళ్లైనా చదువుకోవచ్చు, నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివా. బ్రిటన్‌లో మెర్మెయిడ్స్ అని 1995లో కొందరు తల్లిదండ్రులే మొదలుపెట్టారు.

గోడ మీద పాత ఫొటోలు ఉంచాలా తీయాలా అని నెల రోజులు మథనపడ్డాం. చివరికి అడిగాం. "ఆ సముద్రం దగ్గరిది ఉంచండి, మిగతావి తీసేయండి" అంది. అంత సులువైన విషయానికి నెల రోజులు.

కిటికీ_దగ్గర:
నాన్నగారూ, ఆ పదకొండు రోజుల దగ్గర ఆగిపోయాను. మళ్లీ మళ్లీ చదివాను.

బడిగంట:
టీచర్ని. కాలేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. రికార్డుల్లో పేరు మారాలంటే చట్టప్రకారం మారాల్సిందే, అది ఏ దేశంలో ఉన్నారో దాన్నిబట్టి ఉంటుంది. అర్జెంటీనా 2012లోనే డాక్టర్ సర్టిఫికెట్ గానీ సర్జరీ గానీ అడక్కుండా సొంత మాట మీదే మార్చుకోవచ్చని చట్టం చేసింది, కొన్నిచోట్ల ఇప్పటికీ కోర్టు మెట్లెక్కాలి. కానీ హాజరు పిలవడానికి చట్టం అక్కర్లేదు కదా. నేను మూడేళ్లుగా క్లాసులో అందరినీ ఇంటిపేరుతోనో నంబరుతోనో పిలుస్తున్నా, ఎవరి కోసం మొదలుపెట్టానో క్లాసులో ఎవరికీ తెలీదు, తెలియక్కర్లేదు కూడా. ఆడపిల్లలు ఈ వైపు, మగపిల్లలు ఆ వైపు అని జట్లు చేయడం మానేశా, పుట్టిన నెలల్ని బట్టి చేస్తున్నా.

ఒక్క విన్నపం. క్లాసులో ఒక్క ట్రాన్స్ విద్యార్థి ఉంటే ఆ పిల్లాడినే లేపి అందరికీ పాఠం చెప్పించకండి. మంచి ఉద్దేశంతో నేనే ఒకసారి చేశాను. మర్నాడు రాలేదు. మా పాఠం మేమే తయారు చేసుకోవాలి.

రేయింబవళ్ళు:
బడిగంట గారికి నూరు దండాలు.

అక్కా, ఆన్‌లైన్ జాగ్రత్తలు కొన్ని, నేను దెబ్బతిని నేర్చుకున్నవి. సాయం చేసే గ్రూపులో చేరిన మొదటి వారమే ఎవరైనా ఫొటో అడిగితే, వీడియో కాల్ రమ్మంటే, బయటికి వచ్చేయాలి. మా ఆకలి వాళ్లకి తెలుసు, నన్ను నన్నుగా చూసేవాళ్లు ఎవరైనా దొరికితే చాలు అన్న ఆ ఆకలి. "సహజంగా హార్మోన్లు పెంచే మూలికలు" అని అమ్మేవాళ్లు ఇంకో రకం, రెండు నెలల జీతం పోగొట్టుకున్నా వాటికి. ఏ పేజీనైనా నమ్మే ముందు చూడాల్సింది, ఎవరు రాశారో ఉందా, ఎప్పుడు రాశారో ఉందా, కిందికి వెళ్తే ఏమైనా అమ్ముతున్నారా. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరైతే ప్రైవేట్ విండోలో చదవమను, ఫోన్ లాక్ మార్చుకోమను.

గొంతు గురించి ఎవరైనా ట్రాన్స్ అమ్మాయిలు చదువుతుంటే, డాక్టరు గారు చెప్పినట్టు ఈస్ట్రోజెన్ గొంతుని ముట్టుకోదు, సాధన ఒక్కటే. స్పీచ్ థెరపిస్టులు నేర్పుతారు. పిచ్ పెంచితే చాలనుకుని నేను ఏడాది పాటు కార్టూన్ బొమ్మలా మాట్లాడా. అసలు తేడా గొంతులో మాట ఎక్కడ మోగుతుందో దాంట్లో ఉంది. గొంతు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపేయాలి.

ఇంకొకటి. మీ తమ్ముడు ఎప్పుడైనా చావు మాట ఎత్తితే, మాట మార్చొద్దు, సూటిగా అడుగు, చనిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, మీరున్న చోట అత్యవసర సాయానికి ఫోన్ చెయ్. అలాంటప్పుడు మాత్రం రహస్యం పక్కన పెట్టి సాయం పిలవాల్సిందే, అయినా అప్పుడు కూడా ప్రమాదం గురించి చెప్తే చాలు, జెండర్ సంగతి చెప్పక్కర్లేదు. అమెరికా, కెనడాల్లో ట్రాన్స్ లైఫ్‌లైన్ అని ట్రాన్స్ వ్యక్తులే నడిపేది ఉంది, 2014 నుంచి. మిగతా చోట్ల మామూలు హెల్ప్‌లైన్ అయినా ఫర్వాలేదు.

కిటికీ_దగ్గర:
మూడు వారాల తర్వాత వచ్చా. అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాలనుంది, కానీ నేనొక ఘనకార్యం చేశా, అది ముందు. మీరు చెప్పినవీ నేను వెతికినవీ కలిపి పద్నాలుగు లింకులు ఒకే రాత్రి వాడికి పంపా. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు గదికి వచ్చి "అక్కా, నేను నీకు చెప్పింది నువ్వు చదువుకుంటావని, నాతో చదివించడానికి కాదు" అన్నాడు. తర్వాత "వీటిల్లో పన్నెండు నేను పదహారేళ్లప్పుడే చదివేశా" అని కూడా అన్నాడు.

పేరు చెప్పాడు. ఇక్కడ రాయను. ఇద్దరమే ఉన్నప్పుడు వాడుతున్నా, రెండుసార్లు తప్పు పలికా, వాడు "ఊ" అన్నాడంతే.

నిదానం:
పద్నాలుగా!! తప్పు పలికినప్పుడు పది నిమిషాలు సారీలు చెప్పకు, సరిదిద్దుకుని మాట కొనసాగించు. లేకపోతే వాడే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.

పువ్వుబొమ్మ:
పద్నాలుగు లింకుల బాధితుణ్ణి నేనే. అక్క ఇది చూపించింది. నా నంబర్ పక్కన పువ్వు పెట్టింది, అబ్బాయినని చెప్పాక పువ్వా అని అడిగా, మార్చనంది, అందుకే ఇక్కడ ఇదే పేరు పెట్టుకున్నా.

మూడోచుక్క గారు రాసిన "తోబుట్టువు" బాగుంది కానీ నాకు తమ్ముడే కావాలి. నాన్నగారు రాసింది మాత్రం మా నాన్నకి ఎప్పటికైనా చూపిస్తానేమో.

నాకు ఒక్క ప్రశ్న, ఆ పద్నాలుగింట్లో ఎక్కడా సరిగ్గా లేదు. ఛాతీకి ఇప్పుడు ఎలాస్టిక్ బ్యాండేజ్ చుట్టుకుంటున్నా. క్లాసులో చివరి గంటకి ఊపిరి పట్టేసినట్టు ఉంటోంది. బైండర్ (ఛాతీ చదునుగా కనిపించడానికి వేసుకునే బిగుతు లోదుస్తు) కొంటే ఇది పోతుందా?

నిదానం:
తమ్ముడూ, ఆ బ్యాండేజ్ ఇవాళే తీసేయ్. కదిలేకొద్దీ బిగుసుకునే రకం అది, పక్కటెముకలకి దెబ్బ తగులుతుంది. అంటుకునే టేపు చుట్టడమూ అంతే. బైండర్ ఛాతీ కోసమే కుట్టింది, అయినా రోజుకి 8 గంటలు దాటకూడదు, పడుకునేటప్పుడు అసలే వద్దు, వారంలో కొన్ని రోజులు పూర్తిగా విరామం ఇవ్వు. ఇంకా చదునుగా కనిపిస్తుందని ఒక సైజు తక్కువ తీసుకోవద్దు, అందరం మొదట చేసే తప్పు అదే. అక్కతో కొలత టేపు పట్టించి ఛాతీ చుట్టుకొలత, భుజాల కొలత తీసుకుని అమ్మేవాళ్ల పట్టికతో సరిచూడు. పరుగు, ఆటలు ఉన్న రోజు బిగుతైన స్పోర్ట్స్ బ్రా చాలు, పైన వదులు చొక్కా.

ఊపిరి పట్టేయడం బ్యాండేజ్ తీశాక కూడా రెండు రోజుల్లో తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా, డాక్టరుకి చూపించు. వెయిటింగ్ రూమ్‌లో ఏ పేరు పిలుస్తారో అని వెళ్లకుండా ఉండకు. అక్కని వెంట తీసుకెళ్లు, కౌంటర్ దగ్గర తను మాట్లాడుతుంది.

పువ్వుబొమ్మ:
తీసేశా. అక్క కొలత టేపు వెతుకుతోంది.